లక్కీ, హనీ వాళ్ల కారు

మిర్యాలగూడలో కోతలు మొదలయ్యాయంటే మనిషికి ఓపిక, చదువు రెండూ వాటంతటవే వస్తాయి. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలది ఇంకో బారు. నడుమ మనం. ముందుకు దారి ఉండదు, వెనక్కి తిప్పుకునే జాగా ఉండదు. ఎదుటి బండి వెనక ఏం రాసుందో చదువుకోవడం తప్ప చేసేదేమీ లేదు. ‘అమ్మ దీవెన’. ‘కష్టే ఫలి’. ‘చూడు గానీ ఏడవకు’. ‘నరుడి కంటికి నాపరాళ్లు పగులుతాయి’. ఒక ట్రాలీ వెనక ‘మామ ఇచ్చింది కాదు, నా కష్టం’ అని ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు ఆ మామగారి మీదే జాలి. అదే వరసలో నాలుగు బళ్ల వెనక ఆయనా ధాన్యం వేసుకుని నిలబడి, అదే చదువుతూ ఉంటాడేమో!

దీనంతటికీ మూలం సాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నందికొండ దగ్గర ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువల్లోకి నీళ్లు వదిలారు. నీళ్లొస్తే వరి వచ్చింది. వరి వస్తే మిల్లు, మిల్లు వస్తే లారీ, లారీ వస్తే లోను, లోను తీరితే పక్కోడి కన్ను. పక్కోడి కన్ను పడితే ‘ఏడవకురా’ అని రాయించక తప్పదు. ఆనకట్ట అంచనాలు వేసిన ఇంజనీర్లు ఈ ఆఖరి మెట్టును లెక్కలోకి తీసుకుని ఉండరు.

లెక్కలంటే గుర్తొచ్చింది, నాది అదే వృత్తి. ఒక మిల్లులో జమాఖర్చులు రాస్తాను. జీతంలో మిగిలినదానికి కొంత కలిపి ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. తెల్లది, ఏపీ 24 నంబరు. అమ్మించిన ఏజెంటు ఇంజిన్ గురించి అరగంట చెప్పాడు, టైర్ల గురించి పావుగంట చెప్పాడు. వెనక అద్దం మీద ఉన్నవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

వెనక అద్దానికి ఎడమవైపు ఒక గుండె బొమ్మ, అందులో ‘లక్కీ’. కుడివైపు ఇంకో గుండె, అందులో ‘హనీ’. కింద బంపర్ మీద ‘నన్ను చూసి ఏడవకురా’. డిక్కీ మీద ఎర్రటి అక్షరాల్లో ‘జై బాలయ్య’. అంటే ఒక కుటుంబం, ఒక భక్తి, ఒక భయం మొత్తం ఆర్‌సీతో పాటు నా పేరు మీదకి బదిలీ అయ్యాయన్నమాట. ఆర్‌సీ మార్చడానికి ఫారాలున్నాయి. అభిమాన హీరోని మార్చడానికి ఏ ఆఫీసులోనూ ఫారం దొరకదు.

బంపర్ మీది మాటకు ముందు జవాబు చెప్పింది మెకానిక్. కారు కిందికి దూరి, సైలెన్సర్ పట్టుకుని ఒకసారి ఊపి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, “గిది ఎవరికి రాయించిన్రు సార్? ఏడ్చేటోళ్లు ఎవరన్న ఉంటే అది మీరే గద!” అన్నాడు. బిల్లు చూశాక అతని మాట మీద నాకు గురి కుదిరింది.

‘జై బాలయ్య’ సంగతి వేరు. దాన్ని పీకించాను. కిరసనాయిలు గుడ్డతో రుద్దించాను. కానీ ఎండకు కారు రంగంతా వెలిసిపోయింది, స్టిక్కర్ కింద ఉన్నది మాత్రం వెలవలేదు. దాంతో అక్షరాలు పోయినా వాటి చోట కొత్త తెలుపు మిగిలింది. ఇప్పుడది పాత తెలుపు మీద కొత్త తెలుపులో, ఇంకాస్త హుందాగా, ‘జై బాలయ్య’ అని కనిపిస్తుంది. కోదాడ బస్టాండు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు బైకు ఆపి పిడికిలి ఎత్తి “జై బాలయ్యా!” అన్నారు. తిరిగి అనకపోతే ఎంత అమర్యాద! అన్నాను. వాళ్లు రోడ్డుకడ్డంగా నిలబడి, బస్సును ఆపి మరీ నాకు దారి ఇచ్చారు. నా ముప్పై ఏళ్ల ఉద్యోగం నాకెప్పుడూ ఒక బస్సును ఆపి పెట్టలేదు.

ఇక పిల్లలు. మొదట్లో పెట్రోలు బంకులో కుర్రాడు “లక్కీ బాబు ఏం చదువుతుండు సార్?” అంటే, “వాళ్లు మా పిల్లలు కారు, కారు పాతది, కొన్నది నేను” అని మొత్తం చరిత్ర చెప్పేవాడిని. వెనక హారన్లు మోగేవి. ఆ తర్వాత సులువు దారి దొరికింది. “సెవెన్తు” అనేవాడిని. మరుసటేడు “ఎయిత్” అన్నాను. లెక్కల మనిషిని కదా, ఎవరి ఖాతా అయినా ఏడాదికోసారి ముందుకు తేకుండా ఉండలేను. ఇప్పుడు లక్కీ ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హనీ తొమ్మిదిలో ఉంది, డ్రాయింగ్ బాగా వేస్తుంది. మా అమ్మాయికి ఇది మహా కోపం. “నాన్నా, నా క్లాసు అడిగితే మాత్రం అమ్మ దిక్కు చూస్తవ్” అంటుంది.

ఇంత కాలం బండ్ల వెనకలు చదివాక నాకొకటి తేలింది. స్టిక్కర్ అంటే మనిషి తన గురించి తాను చెప్పుకునే మాట అని విదేశాల వాళ్లు అనుకుంటారు. మన దగ్గర అలా కాదు. మనవాడు బండి వెనక రాయించేది తానెవరో కాదు, తన వెనక ఎవరున్నారో. వెనక దేవుడున్నాడు, హీరో ఉన్నాడు, ఎమ్మెల్యే ఉన్నాడు, అమ్మానాన్నల దీవెన ఉంది, కాబట్టి జాగ్రత్తగా హారన్ కొట్టు అని. చోటు కూడా సరిగ్గా వెనకే దొరికింది.

మా వైపు దేవుళ్లను బట్టి బండి ఏ ఊరిదో చెప్పేయొచ్చు. మట్టపల్లి నరసింహస్వామి ఉంటే కృష్ణ ఒడ్డు దిక్కు. ‘ఓ లింగా’ అనుంటే రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయే సూర్యాపేట మనిషి. ‘జై సేవాలాల్’ ఉంటే తండా ఆటో. జాన్‌పహాడ్ సైదన్న ఉంటే మాత్రం ఏమీ చెప్పలేం, ఎందుకంటే ఆ దర్గాకు అందరూ పోతారు. అన్ని ఇళ్లల్లోనూ ఒక సైదులు, ఒక సైదమ్మ ఉంటారు. ఒకే డీసీఎం అద్దం మీద నరసింహస్వామి, సైదన్న పక్కపక్కన ఉండటం మా దగ్గర వింతేమీ కాదు. డ్రైవరుకు తెలుసు, రాత్రి రెండింటికి వాడపల్లి వంతెన మీద నిద్ర ముంచుకొస్తే ఎవరు ముందు పలుకుతారో ఎవరు చెప్పగలరు?

ఈ మధ్య వీళ్లందరి చోటా ఒక్క బొమ్మే ఆక్రమించింది, కాషాయం, నలుపు రంగుల్లో కనుబొమలు ముడిచిన హనుమంతుడు. కేరళలో కాసరగోడ్ జిల్లా కుంబ్లకు చెందిన కరణ్ ఆచార్య అనే కళాకారుడు 2015లో ఊరి కుర్రాళ్ల జెండా కోసం గీసిన బొమ్మ అది. కొన్నేళ్లలో దేశంలోని కార్ల వెనక అద్దాలన్నీ ఎక్కేసింది. మా చిన్నప్పటి క్యాలెండర్ ఆంజనేయుడు చేతులు జోడించి రాముడి వైపు చూసేవాడు. ఈయన నా వైపు చూస్తున్నాడు, అదీ సిగ్నల్ దగ్గర, నేనేమీ చేయకముందే.

నాయకుల స్టిక్కర్లలో నన్ను అబ్బురపరచింది 2024 నాటిది. మే 13న ఆంధ్రలో ఓట్లు పడ్డాయి. లెక్కింపు జూన్ 4న. ఆ రెంటి నడుమ మూడు వారాల్లోనే ‘పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా’ అని బైకుల మీద వెలిసింది. అప్పటికి పిఠాపురానికి ఎమ్మెల్యే ఎవరో ఈవీఎంలకు తప్ప ఎవరికీ తెలియదు. పవన్ కల్యాణ్ 70 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు కాబట్టి స్టిక్కర్లు దక్కాయి. రాబడి రాకముందే జమ రాసేయడం మా వృత్తిలో తప్పు, అయినా ఆ ధైర్యానికి దండం పెట్టాను. ఆ గాలి హైవే మీదుగా కోదాడ దాటి మా వైపూ వచ్చింది. మా వీధిలో ఒకతని బుల్లెట్ మీద ‘కౌన్సిలర్ గారి బామ్మర్ది తాలూకా’ అని ఉంది. ఆ కౌన్సిలర్ ఏ వార్డో, అసలు గెలిచాడో లేదో నేను అడగలేదు.

‘ఆన్ గవర్నమెంట్ డ్యూటీ’ అని అద్దె కార్లకు అంటిస్తారు. ఆ కాగితం ఆదివారం పెళ్లి బరాత్‌లో కూడా అలాగే ఉంటుంది. లోపల పెళ్లికొడుకు, ముందు బ్యాండు, ప్రభుత్వ విధి మాత్రం నిరాటంకంగా సాగుతూ ఉంటుంది. కులాల పేర్లు పెద్ద అక్షరాల్లో రాయించుకునే బండ్లూ ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. 2018లో మా ఊళ్లో జరిగిన కులహత్య తర్వాత ఆ అక్షరాలు చూస్తే నాకు నవ్వు రాదు.

నంబరు ప్లేటు కూడా స్టిక్కరేనని తెలంగాణ ఉద్యమంలో తెలిసింది. ‘ఏపీ’ కొట్టేసి ‘టీజీ’ అని రాసుకుని తిరిగారు. రాష్ట్రం 2014లో వచ్చింది గానీ అక్షరాలు ‘టీఎస్’ అని వచ్చాయి. రాసుకున్నవాళ్లు ఉసూరుమంటూ చెరిపేసుకున్నారు. మా మిల్లులో ఒక హమాలీ తన స్కూటర్ మీద చెరపలేదు, బద్ధకమో పట్టుదలో తెలియదు. 2024 మార్చిలో ప్రభుత్వమే కొత్త బండ్లకు ‘టీజీ’ పెట్టింది. “పదేండ్లు లేటుగొచ్చిన్రు” అన్నాడతను, అంతే. నాది ఇప్పటికీ ఏపీ 24. అది అచ్చంగా నల్లగొండ నంబరే. హైదరాబాదులో మాత్రం “ఆంధ్రానా సార్?” అంటారు. చిల్లకల్లు టోల్ గేటు దాటి విజయవాడలో నోరు విప్పితే “తెలంగాణానా అండీ?” అంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ తంటా లేదు. ప్లేటు మీద ఏం కావాలో డబ్బు కట్టి రాయించుకోవచ్చు. అయితే కాలిఫోర్నియాలో కారుకు ఏడక్షరాలు మించకూడదు. నేను కూర్చుని ఇంగ్లిషులో లెక్కపెట్టాను. ‘బాలయ్య’ సరిగ్గా ఏడు. ‘మెగాస్టార్’ ఎనిమిది. ఈ చట్టం చేసినవాళ్లలో మనవాళ్లెవరైనా ఉన్నారేమోనని నా అనుమానం.

బంపర్ స్టిక్కర్ పుట్టిందే ఆ దేశంలో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, కాన్సస్ సిటీలో స్క్రీన్ ప్రింటింగ్ చేసుకునే ఫారెస్ట్ గిల్ అనే ఆయన జిగురు కాగితం మీద అచ్చు వేసి బంపర్లకు అంటించడం మొదలుపెట్టాడు. అంతకుముందు అట్టముక్కల్ని తీగతో కట్టుకునేవాళ్లు. 1984లో సేఫ్టీ ఫస్ట్ అనే కంపెనీ ‘బేబీ ఆన్ బోర్డ్’ పలకలు అమ్మింది. వాళ్లది లోపల పాప ఉంది, మెల్లగా రండి అన్న విన్నపం. మన ‘లక్కీ, హనీ’ విన్నపమేమీ కాదు. మా ఇంట్లో ఇద్దరు, వాళ్ల పేర్లివీ, రాసుకోండి అన్న ప్రకటన.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో స్లెమ్‌కో అనే పరిశోధకుడు, తన సహచరులతో కలిసి 2008లో ఒక విషయం తేల్చాడు. కారుకు స్టిక్కర్లు ఎక్కువ అంటించుకునేవాళ్లు రోడ్డు మీద కోపం ఎక్కువ చూపిస్తారట. రోడ్డు అందరిదీ అన్న సంగతి మరిచి, తమ ఇంటి వాకిలే అనుకుంటారట. ఇంకా విశేషం, స్టిక్కర్ మీద ఏం రాసుందన్న దానితో నిమిత్తం లేదట. ‘శాంతి’ అని ఉన్నా అంతే. ఇది చదివాక నాకు ‘ఓం శాంతి’ అని రాసిన ఒక టాటా మ్యాజిక్ గుర్తొచ్చింది. ఆ డ్రైవరు తిట్టిన తిట్లను ఏ పత్రికా అచ్చు వేయదు.

వాకిలి అనుకుంటే పరదా కూడా కావాలి కదా. కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించొద్దని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చెన్నై పోలీసులు 2024 మేలో ప్రెస్, పోలీస్, అడ్వకేట్ లాంటి స్టిక్కర్ల మీద పడ్డారు. మా దగ్గర అంత పట్టింపు లేదు. మొత్తం ఊళ్లో నిజం చెప్పే స్టిక్కర్లు రెండే. ఒకటి ముందు అద్దం మీది ఫాస్టాగ్. ఖాతాలో డబ్బు ఉందో లేదో టోల్ గేటు దగ్గర అందరి ముందూ చెప్పేస్తుంది. రెండోది లారీ తలుపు మీద, తప్పనిసరై రాయించిన చిన్న అక్షరాల వరస, ‘హైపోథికేటెడ్ టు’ ఫలానా ఫైనాన్స్. పైన అమ్మ దీవెన, కింద నాన్న కష్టం, అసలు యజమాని మాత్రం ఆ మూల ఒదిగి ఉంటాడు.

ఇంతమంది వెనకలు చదివి నాకూ ఒక కోరిక పుట్టింది. ఒక్కటంటే ఒక్క మాట, నాది, నా గురించి రాయించాలని. బస్టాండు దగ్గర రేడియం షాపుకి వెళ్లాను. షాపంటే ఒక కంప్యూటరు, ఒక కటింగ్ మిషను, గోడ నిండా రంగురంగుల వినైల్ చుట్టలు. కుర్రాడికి ఇరవై దాటవు.

“ఏం గావాలె సార్? దేవుడా, హీరోనా?”

“రెండూ కాదు.”

“పార్టీయా?” గొంతు తగ్గించాడు.

“కాదు.”

“పిల్లల పేర్లా?”

“అవి ఉన్నాయి.”

“మరి ఇంకేం మిగిలింది సార్?”

“నా గురించి రాయించాలి” అన్నాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. రాయడానికి ఏమైనా దొరుకుతుందేమోనని నిజాయితీగానే వెతికాడు పాపం. “ఏం జేస్తరు సార్?” “మిల్లులో లెక్కలు రాస్తాను.” “లెక్కల కింగ్ అని ఏద్దామా?”

వద్దన్నాను. ఇంట్లో రాసుకొచ్చిన కాగితం తీశాను. ‘నేను నెమ్మదిగానే వెళ్తాను. మీకు తొందర ఉంటే దయచేసి దాటి వెళ్లండి.’ నా వ్యక్తిత్వం మొత్తం అందులో ఉంది. కుర్రాడు చదివి తల ఊపాడు. “మంచిగుంది సార్. గని ఇంత పొడుగు సదవాల్నంటే ఎనకటోడు దగ్గరికి రావాలె. దగ్గరికొచ్చి గుద్దుతడు.”

రేటు అక్షరానికింత. వత్తులకు, గుణింతాలకు వేరే లేదు. ఆ సంగతి తెలియగానే నాలో గుమాస్తా మేలుకున్నాడు. వత్తులు ఎక్కువున్న మాటలు ఏరుకుంటే గిట్టుబాటు కదా! కుర్రాడు పసిగట్టేశాడు. “వత్తులు వద్దు సార్, ఊసిపోతయ్” అన్నాడు. అతని బాధ అతనిది. మిషను గీత కోస్తుంది, అంతవరకే. అక్షరం చుట్టూ ఉన్నదీ, సున్నాల నడుమ ఉన్నదీ బ్లేడు మొనతో అతనే ఏరి తీయాలి. ఇంగ్లిషు అయితే చరచరా వచ్చేస్తుంది. తెలుగులో తలకట్టు విడిగా లేస్తుంది, ‘క్ష’ దగ్గర ఊపిరి బిగబట్టాలి. ‘అమ్మ దీవెన’లో మ వత్తు చెత్తబుట్టలోకి పోతే ‘అమ దీవెన’ అని అంటించుకుని ఒక ఆటో ఏడాది తిరిగిందట. “దీవెన మాత్రం పనిజేసింది సార్, రెండో ఆటో గొన్నడు” అన్నాడు.

నా వాక్యం తరుగుతూ వచ్చింది. ముందు ‘దయచేసి’ పోయింది. తర్వాత ‘నేను’ పోయింది, ఏ మాట కోసమైతే వచ్చానో అదే. చివరికి మిగిలింది ‘తొందరుంటే దాటిపోండి’. సబ్బు నీళ్లు చల్లి, టేపుతో సహా అద్దం మీద పరిచి, ప్లాస్టిక్ ముక్కతో బుడగలన్నీ అంచులకు తోసి, టేపును మూల నుంచి మెల్లగా లాగాడు. అక్షరాలన్నీ దక్కాయి. “ఈ రెండు గుండెలు తీసెయ్యమంటరా? మాసిపోయినయ్” అన్నాడు. లక్కీకి పరీక్షల ఏడాది. ఇప్పుడెలా తీయిస్తాను? ఉండనీ అన్నాను.

ఆ సాయంత్రమే సాగర్ రోడ్డు మీద నా వెనక ఒక లారీ పడింది. హారన్ మీద హారన్. నేను నా వేగంలోనే, రోడ్డు నడుమ, నాకు అలవాటైన చోటే పోతున్నాను. చివరికి ఎలాగో పక్కకొచ్చి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“దాటిపొమ్మని రాస్తవ్, సైడియ్యవేందన్నా? అయినా జై బాలయ్య అని పెట్టుకొని ఇట్లనా నడిపేది?”

“పిల్లలున్న బండి తమ్ముడూ” అన్నాను.

అతను నా కారు వెనక సీటు వైపు చూశాడు. అందులో మిల్లు లెక్కల పుస్తకాలు, ఒక బియ్యం సంచి ఉన్నాయి. మళ్లీ నా వైపు చూశాడు.

“ట్యూషన్‌లో ఉన్నారు, తీసుకురావడానికే పోతున్నా. లక్కీకి మ్యాథ్స్ కొంచెం కష్టంగా ఉంది.”